తలకిందుల బోరు

చండూరుల ఇత్తడి బిందెల దుకాణం మీద
నా పండ్ల దవాఖాన.
కింద పొద్దంతా సుత్తి దెబ్బలు.
పైన కుర్చీల కూసున్నోళ్ళు
ఆ చప్పుడు తమ దవడలోదే అనుకుంటరు.

జంగయ్య శుక్రవారం వచ్చిండు.
ఇరవై రెండేండ్లు బోరుబండి మీద,
చెవుల వెంట్రుకల నిండ బండపొడి.
మాట్లాడితే నోటికి అడ్డంగ ఎడమచెయ్యి.
ఆ చెయ్యి నాకెరుకే.
కాలేజీ మూడో ఏడు దాక
నాకూ ఉండె.

"గిది పీకెయ్యి డాక్టరమ్మా, రాత్రంత సలుపు."
కోరపన్ను పక్కది.
కాచు పూసినట్టు గోధుమరంగు గీతలు.
"రంగు సూస్తెనే తెలుస్తలేదా?
కోరపన్ను జోలికి మాత్రం పోకు.
లగ్గానికి ముందు పట్నంల తొడుగేయించిన.
నా నోట్ల మంచిది అదొక్కటే."

సీసపు కోటు కప్పిన.
"ఇంత బరువేంది?"
"కదలకు."
అంగిట్ల సెన్సరు గుచ్చుకుని
కండ్లల్ల నీళ్ళు తిరిగినయి గని కదలలే.
బీప్.
రెప్పపాటంత వెలుగు. అదీ కనపడని వెలుగు.

తెర మీద లేచింది
బూడిదరంగు భూమి.

"ఇదేంది, మొరమా?"
ఎముక.
"ఇది గట్టి బండ."
వేరు.
"బండకు, మొరానికి నడుమ సన్నటి నల్లగీత?
ఇక్కడ జాలుండాలె."
ఐదేండ్లు సదివి నేను నేర్చుకున్నది
నిమిషంల సదువుతున్నడు.

లగ్గపు తొడుగు సున్నం లెక్క మెరుస్తున్నది.
దాని వేరు కొసకు, పైన,
మినుపగింజంత చీకటి.
జంగయ్య మెడ ముందుకు సాపిండు.
"అగో, నీళ్ళు పడ్డయి."
"నీళ్ళు గాదు, చీము."
అద్దం కాడతోని తొడుగు మీద తట్టిన,
కుర్చీల నుంచి జానెడు లేసిండు.
పక్కదాని మీద తట్టిన,
ఊకున్నడు.

"మరి దీని పసుపేది? తెర మీద లేదేంది?"
"ఎక్స్‌రేకు రంగు కనపడది జంగన్నా.
వేరు సూస్తది, ఎముక సూస్తది.
రెండూ బాగున్నయి. నువ్వు పీకుమన్నదాన్ని పీకితే
పన్నూ పోవు, నొప్పీ ఉండు."

శానాసేపు తెరనే సూసిండు.
"మాకు సుత కనపడలే.
మర్రిగూడ దిక్కు నేనేసినయే పదో పన్నెండో.
తెల్లగ లేసినయి నీళ్ళు, బండిమీదికెల్లి ఎత్తు.
టెంకాయ కొట్టిండ్రు, నా మెడల దండేసిండ్రు.
ఆ ఊర్ల పోరగాండ్ల నోర్లు..."
ఆడ ఆపిండు.

మా వాడకట్టు బోరు ఎవరేసిండ్రో
నేనెన్నడూ అడగలే.
అప్పుడు సుత అడగలే.

కింద సుత్తి ఒక బిందెకు మెడ తీస్తున్నది.

"ఎన్ని ఫీట్లు దించుతవు?"
"తొడుగు తీసినంక, ఇరవై అయిదు మిల్లీమీటర్లు."
నవ్వొచ్చింది, చెయ్యీ వచ్చింది అడ్డం.
"ఎక్కువ దిగితే?"
"సూది దింపి ఒక ఫొటో. మందు నింపి ఇంకోటి.
ఆర్నెల్లకు మళ్ళొకటి.
ఆ చీకటి పూడిందా లేదా సూడాలె."
"మా బోరు పూడితే రైతు ఏడుస్తడు,
నీది పూడితే పండుగ.
అదీ కిందికెల్లి పైకి తోడుడు!
తలకిందుల బోరు."

ఒక ప్రింటు కావాలన్నడు.
మెట్ల మీద ఎవరికో సూపిస్తున్నడు,
"గిదీ నా పాయింటు" అని.

నేను చీటీ రాస్తున్న:
పై ఎడమ కోరపన్ను, వేరు వైద్యం, మూడుసార్లు రావాలె.
పక్కది: ముట్టొద్దు.

ముట్టొద్దు కింద
రెండు గీతలు గీసిన.